రన్ అను క్రియ: ఆంగ్లేయుల పరుగు, మన నడక

పరభాష నేర్చుకొనువారిని పెద్దమాటలు అంతగా బాధింపవు. పెద్దమాట యెదురైనప్పుడు విద్యార్థి ఆగి, నిఘంటువు తెఱచి, అర్థము వ్రాసికొని ముందునకు సాగును. అట్టి మాటకు సాధారణముగా ఒకటి రెండు అర్థములే యుండును. చిక్కంతయు చిన్నమాటలలో నున్నది. గో, కమ్, గెట్, టర్న్, రన్ మొదలగు పదములు మొదటి వాచకములోనే కానవచ్చును గనుక, ఇవి తనకు వచ్చునని తలంచి విద్యార్థి వానిని సరిగా చూడకయే దాటిపోవును. ఆ దాటిపోవుటలోనే కాలు జాఱును.

పై పదములన్నియు చలనమును దెలుపునవి. ఏ భాషయందైనను ఇట్టి క్రియలకే పని యెక్కువ. ఏలయన, కాలము, అధికారము, వ్యాపారము, రోగము మొదలగువాని గమనము కంటికి గోచరింపదు. వానిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మనుష్యుడు కంటికి గోచరించు కదలికలనుండి మాటలను ఎరువు తెచ్చుకొనును. ఈ వ్యాసమున మేము రన్ అను నొక్క క్రియను మాత్రమే తీసికొని, దాని పలువిధములైన ప్రయోగములను మన తెలుగుతో సరిపోల్చి చూపదలచితిమి. ఈ యొక్క పదమును చూడవలసిన రీతి తెలిసినచో, తక్కిన చిన్నమాటలను గూడ విద్యార్థులు తామే పరీక్షించుకొనగలరు.

పదము యొక్క విస్తారము

ఆంగ్లభాషకు మిక్కిలి పెద్దదైన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు యొక్క మొదటి భాగము 1884లో వెలువడెను. సమగ్రముగా ముగియుటకు 1928 వఱకు పట్టెను. 1989లో వచ్చిన రెండవ కూర్పునందు సెట్ అను క్రియకు 430 అర్థములు చూపబడి, దానికే యగ్రస్థానము లభించెను. తరువాత జరుగుచున్న సవరణలో ఆ స్థానము రన్ అను క్రియకు వచ్చినది. దీనికి 645 అర్థములు తేలినవి. నిఘంటు సంపాదకులలో నొకరైన పీటర్ గిల్లివర్ ఈ యొక్క పదముతో తొమ్మిది మాసములు గడపవలసి వచ్చినది.

బాలబాలికలారా, ఈ సంఖ్య విని వెఱవవలదు. ఆంగ్లేయుల బిడ్డలెవరును 645 అర్థములను వల్లెవేయరు. చెట్టునకు కొమ్మ లెన్ని యున్నను మొదలొక్కటే యైనట్లు, ఈ యర్థములన్నియు కొలదిపాటి మూలభావములనుండి పుట్టినవి. వెయ్యేండ్ల క్రిందటి ఆంగ్లమునందే ఈ క్రియ మనుష్యుల పరుగునకును, నీటి పాఱుదలకును గూడ వాడుకలో నుండెను. ఆంగ్లమునకు జ్ఞాతియైన జర్మను భాషలో నేటికిని రెన్నెన్ అనగా పరుగెత్తుట, రిన్నెన్ అనగా ప్రవహించుట. ఈ రెండును అక్కచెల్లెండ్రవంటి మాటలు.

ఇది మనకు వింతగా తోపవలసిన పనిలేదు. మన పాఱు అను క్రియను చూడుడు. ఏఱు పాఱును, దొంగ పాఱిపోవును. నీటి పోకకును, కాలి పరుగునకును మన పెద్దలు గూడ ఒక్కమాటనే వాడిరి. ఆగక, తడవక, ఒకచోటినుండి మఱియొకచోటికి సాగుటయే యీ రెంటికిని సామాన్యమైన భావము. రన్ అను పదమునకు మొదలు అదియే. తక్కిన కొమ్మలన్నియు అచ్చటనుండి మొలచినవే.

పొరబాటు వలని నష్టము

పరీక్షలో ఒక వాక్యము తప్పినచో ఒకటి రెండు మార్కులు పోవును. అది చిన్న నష్టము. కాని మన ప్రాంతపు బడులలో చదువు బిడ్డలలో ననేకులు తమ యింట ఆంగ్లము చదువనేర్చిన మొదటివారు. వైద్యుని చీటి, బ్యాంకునుండి వచ్చిన జాబు, పురుగుమందు డబ్బాపై వ్రాత, ఇవన్నియు తల్లిదండ్రులు ఆ బిడ్డచేతనే చదివించుకొందురు. ఆ యింటికి ఆ బిడ్డయే నిఘంటువు.

ఒక యుదాహరణము చెప్పెదము. కుక్క కఱచినప్పుడు చేయవలసిన ప్రథమ చికిత్సను దెలుపు కాగితములలో, గాయమును సబ్బుతోను రన్నింగ్ వాటర్‌తోను పదునైదు నిమిషములు కడుగవలెనని యుండును. పరుగెత్తు నీరు అని చెప్పినచో ఇంటివారికి ఏమియు బోధపడదు. పాఱు నీరు అని చెప్పినచో వారు బిడ్డను కాలువయొద్దకు తీసికొనిపోవచ్చును, కాలువనీరు మురికిది. ఇచ్చట రన్నింగ్ వాటర్ అనగా నల్లానుండి గాని చెంబునుండి గాని ధారగా పడు శుభ్రమైన నీరు. గిన్నెలో నిలువయుంచిన నీటిలో గాయమును ముంచరాదనియే దాని తాత్పర్యము. కడిగిన పిదప ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయుననుట వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక్క చిన్నమాట అర్థమును గ్రహించుటలో ఎంత మేలు, ఎంత కీడు నున్నవో దీనివలన తెలియగలదు.

నాలుగు భాషలు, ఒక్క నడక

మన నారాయణఖేడ్ సీమ పలుభాషల కూడలి. 1956వ సంవత్సరము అక్టోబరు నెలాఖరు వఱకు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిది. ఆ నవంబరు 1వ తేదీని రాష్ట్రములు భాషల ననుసరించి పునర్వ్యవస్థీకరింపబడగా, బీదరు మొదలగు తాలూకాలు మైసూరు రాష్ట్రమునకును, అహమ్మదుపురము, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును, నారాయణఖేడ్ తాలూకాయు జహీరాబాదు తాలూకాలో చాలభాగమును ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాకును చేరినవి. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు మన యూరు దానిలో చేరినది. జిల్లాలును రాష్ట్రములును మాఱినను, మన సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడుచునే యున్నవి. తండాలనుండి వచ్చువారి లంబాడీ భాష యైదవది.

ఇట్టి కూడలిలో పుట్టుట ఆంగ్లము నేర్చువారికి గొప్ప లాభము. ఎట్లన, ది షాప్ రన్స్ వెల్ అను వాక్యమును చూడుడు. దీనిని తెలుగువారు దుకాణము బాగుగా నడచుచున్నది అందురు. కన్నడిగులు అంగడి నడెయుత్తదె అందురు. నడె అనగా నడచుట. ఉర్దూ మాటలాడువారు దుకాన్ చల్తీ హై అందురు. చల్నా అనగా నడచుట, కదలుట. మరాఠీవారు దుకాన్ చాలతే అందురు; ఇదియు నడకయే. ఆంగ్లేయుని దుకాణము పరుగెత్తుచుండగా, మన నాలుగు భాషల దుకాణములును నెమ్మదిగా నడచుచున్నవి.

తెలుగు, కన్నడములు ఒక కుటుంబములోనివి. ఉర్దూ, మరాఠీలు వేఱొక కుటుంబములోనివి. ఈ రెండవ కుటుంబమునకు ఆంగ్లము దూరపు చుట్టము. అయినను ఈ విషయమున ఉర్దూ, మరాఠీలు ఆ చుట్టమును విడిచి పొరుగువారితో కలిసినవి. ఒకే సంతలో, ఒకే బాటలో తరతరములుగా మెలగిన జనుల మాటలలో ఇట్టి పోలిక కనబడుట చక్కని సంగతి.

కావున విద్యార్థులు మొదట పట్టవలసిన సూత్ర మిది: రన్ అనునది కాళ్ళులేని వస్తువును గూర్చి చెప్పబడినప్పుడు, మొదట నడచు అను మాటను పెట్టి చూడవలయును. బడి నడచును, బస్సు నడచును, గడియారము నడచును, పిండి గిర్ని నడచును, బావిమీది మోటారు నడచును, సంఘము నడచును, వ్యాజ్యము నడచును, ప్రభుత్వము నడచును. వీనిలో పెక్కింటికి ఆంగ్లమున రన్ అనునదే తగిన క్రియ. కంప్యూటరులోని ప్రోగ్రామును రన్ చేయుట యనగా దానిని నడపుటయే.

ఐతే మన నడకయు ఆంగ్లేయుల పరుగును అంతటను ఒకదానికొకటి సరిపోవని యెఱుగవలయును. అతనికి పదునాఱవ యేడు నడచుచున్నది అను మన వాక్యమును ఆంగ్లమున చెప్పునప్పుడు రన్ పనికిరాదు. అందుచేత సూత్రమును మాత్రమే నమ్మక, వాక్యమును పరీక్షింపవలయును. అట్టి పరీక్షలు మూడు గలవు.

మొదటి పరీక్ష: కర్త యెవరు?

రన్ అను క్రియ కనబడగానే, పరుగెత్తునది యేది యని ప్రశ్నింపుడు. మనుష్యుడు గాని, గుఱ్ఱము గాని, లేడి గాని యైనచో అది నిజమైన పరుగే. నీరైనచో పాఱుట. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమ మీదుగా వచ్చి, సింగూరు, నిజాంసాగరు జలాశయములను నింపి, కందకుర్తియొద్ద గోదావరిలో కలియును. ఇంత దూరపు గమనమునకు ఆంగ్లేయుడు రన్స్ అను నొక్కమాట వాడును. మనము పాఱును అందుము. నల్లాయైనచో నీళ్ళు వచ్చుచున్నవి అందుము. ముక్కైనచో కారును. కన్నీరును కారును. ఉతికిన బట్టయొక్క రంగైనచో దిగును. తీగయైనను, వదంతియైనను ప్రాకును.

కదలని వస్తువులకు గూడ ఆంగ్లేయుడు రన్ అనును. సంగారెడ్డి నుండి నాందేడు వైపు 161వ నంబరు జాతీయ రహదారి రన్స్ అని వ్రాయును. రహదారి యున్నచోటనే యున్నది; దానిపై చూపు సాగిపోవుచున్నది. మనమును ఈ దారి యెక్కడికి పోవును అని యడుగుచుందుము గదా! దారి పోదు, మనమే పోవుదుము. అయినను ఆ మాటలో ఎవరికిని తప్పు తోపదు. ఆంగ్లేయుని రన్స్ అట్టిదే.

సినిమా యైనచో మన భాషలో నూఱు దినములు ఆడును. జాబైనచో, దాని పాఠము ఇట్లున్నది అని చెప్పవలయును. కౌలు ఒప్పందమైనచో మూడేండ్లు చెల్లును, లేక నడచును. ఒక గుణము గాని రోగము గాని తరతరములుగా కానబడినచో అది వంశమున వచ్చునది. ఇన్ని తావులలో ఆంగ్లమున క్రియ యొక్కటే. కర్త మాఱిన కొలదియు తెలుగున క్రియ మాఱవలయును. క్రియకు అర్థమును ఇచ్చునది కర్తయే యని దీనివలన తేలుచున్నది.

రెండవ పరీక్ష: కర్మ గలదా?

ది బస్ రన్స్ అనునది యొక వాక్యము. హి రన్స్ ది బస్ అనునది మఱియొకటి. రెంటను క్రియ యొక్క రూప మొక్కటే. తెలుగున బస్సు నడచును, అతడు బస్సును నడపును. నడచు, నడపు, పాఱు, పాఱించు, తిరుగు, త్రిప్పు: ఇట్లు తెలుగున తానే చేయుటకును, ఇతరమునుచేత చేయించుటకును రూపభేద మున్నది. ఆంగ్లమున ఈ క్రియకు ఆ భేదము లేదు. క్రియ వెనుక కర్మ యున్నదా లేదా యని చూచుకొనుటయే యుపాయము. దుకాణము, బడి, సంఘము, యంత్రము కర్మలుగా నున్నచో నడపు అని వ్రాయుడు.

ఇందులో రెండు మెలకువలు గలవు. మొదటిది: క్రియ వెనుక నున్న ప్రతి నామవాచకమును నడపబడునది కాదు. షి ర్యాన్ ఎ మైల్ అనగా ఆమె మైలు దూరము పరుగెత్తెనని యర్థము. మైలును పరుగెత్తించెనని కాదు. రెండవది: కొన్ని కర్మలతో చేరినప్పుడు ఈ క్రియ తన స్వంత యర్థమును దాదాపుగా విడుచును. ఫీవర్‌తో చేరినచో జ్వరము వచ్చియుండుట. రిస్క్‌తో చేరినచో అపాయమునకు లోబడుట. ఎరండ్‌తో చేరినచో ఇంటిపనిమీద అంగడికో మఱియొకచోటికో పోయివచ్చుట. ఇట్టివానిని విడదీయక జంటగానే నేర్వవలయును.

మూడవ పరీక్ష: వెనుక నున్న చిన్నమాట

ఆంగ్లక్రియల వెనుక ఔట్, ఓవర్, డౌన్, ఇంటూ మొదలగు చిన్నమాటలు తోకవలె వచ్చి చేరును. వీనిని చూచి విద్యార్థులు ఎక్కువగా తికమకపడుదురు. తెలుగున ఇట్టివి లేవా? పోవు అను మన క్రియను చూడుడు. దీపము ఆఱిపోయెను, పాలు విఱిగిపోయెను, పని అయిపోయెను. ఈ మూడు వాక్యములలో ఎవరును ఎక్కడికిని పోలేదు. వెనుక చేరిన పోవు అను మాట, ఆ పని పూర్తిగా జరిగినదనియు మరల రాదనియు దెలుపుచున్నది. తెలుగు నేర్చుకొన వచ్చిన పరదేశికి ఇది యెంత కష్టముగా నుండునో యోచింపుడు. మనము మాత్రము ఊయెలలోనే దీనిని నేర్చితిమి.

ముఖ్యమైన జంటలను ఇచ్చట చూపుచున్నాము. రన్ అవే అనగా పాఱిపోవుట. రన్ ఆఫ్టర్ అనగా వెంబడించుట. రన్ డ్రై అనగా బావియో చెఱువో ఎండిపోవుట. రన్ షార్ట్ అనగా చాలకపోవుట. రన్ ఇంటూ అనగా మనుష్యుల విషయమున అనుకొనకుండ తటస్థపడుట, బండ్ల విషయమున ఢీకొనుట. రన్ త్రూ అనగా ఒక వ్రాతను త్వరగా మొదటినుండి తుదివఱకు చూచుట. రన్ డౌన్ అనగా మనుష్యుని తూలనాడుట, లేక బ్యాటరీ వంటిది శక్తి తగ్గిపోవుట. రన్ అప్ అనునది అప్పుతో చేరినచో అప్పు పెరుగనిచ్చుట.

రన్ ఓవర్ అనుదానిని ప్రత్యేకముగా గమనింపవలయును. బండి యొక మనుష్యుని మీదుగా పోయినప్పుడు ఆంగ్లేయుడు బండివైపునుండి చెప్పును. మనము, పాపము, బండిక్రింద పడెను అని పడినవాని వైపునుండి చెప్పుదుము. పాత్రలోని నీటి విషయమున ఇదే జంటకు పొర్లిపోవుట యని యర్థము.

రన్ ఔట్ అనుదానిలో మఱియొక విశేష మున్నది. ఇంటిలో బియ్యము లేనప్పుడు ఆంగ్లేయుడు, వి హావ్ రన్ ఔట్ ఆఫ్ రైస్ అనును. అచ్చట కర్త మనుష్యులు. తెలుగున కర్త బియ్యము: బియ్యము అయిపోయినవి. అంతేకాదు, మన యిండ్లలో పెద్దలు అయిపోయినవి, లేవు అను మాటలు అశుభములని తలంచి, బియ్యము నిండుకొన్నవి అందురు. కుండ వట్టిదైనప్పుడు నిండినదని చెప్పుట ఆంగ్లేయునికి విడ్డూరమే. ప్రతి భాషకును దాని యాచారములు దానికి గలవు. వానిని నవ్వక నేర్చుకొనువాడే ఆ భాషకు చుట్టము కాగలడు.

నామవాచకముగా రన్

ఈ పదము నామవాచకముగా గూడ వచ్చును. క్రికెట్ ఆటలోని రన్ మనకు పరుగైనది. బంతి హద్దు దాటినచో ఆటగాడు పరుగెత్తకయే నాలుగు పరుగులు లెక్కకు వచ్చును. ఇట్లు ఆంగ్లపు మాటతో పొత్తు కలిగి మన పరుగు అను మాటకు గూడ క్రొత్త యర్థము చేరినది. ఇన్ ది లాంగ్ రన్ అనగా తుదకు, కాలక్రమమున. త్రీ డేస్ రన్నింగ్ అనగా వరుసగా మూడు దినములు. రన్నింగ్ హ్యాండ్ అనగా అక్షరములను విడువక కలిపి వ్రాయు గొలుసుకట్టు వ్రాత. ఆంగ్లేయుడు అందు పరుగును చూచెను. మనవారు గొలుసును చూచిరి. చూచిన వస్తు వొక్కటే.

ఎన్నికల విషయమున ఇంకను వినోద మున్నది. అమెరికాలో అభ్యర్థి ఎన్నికలకు రన్ చేయును, అనగా పరుగెత్తును. ఇంగ్లండులో అభ్యర్థి స్టాండ్ చేయును, అనగా నిలుచును. మన యూళ్ళలోను ఫలానావారు ఎన్నికలలో నిలుచుచున్నారనియే యందురు. ఒకే భాష మాటలాడు రెండు దేశములలో ఒకే పనికి ఒకరు పరుగెత్తుచుండగా మఱియొకరు నిలిచియున్నారు! మాటకు అర్థమును నిర్ణయించునది వాడుకయే గాని వేఱు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా?

రూపములు

ఈ క్రియకు వర్తమానరూపము రన్, భూతకాలరూపము ర్యాన్, హావ్ మొదలగు సహాయక్రియలతో వచ్చు రూపము మరల రన్. ఐ హావ్ ర్యాన్ అని వ్రాయుట తప్పు. ఐ హావ్ రన్ అనవలయును. రన్నింగ్, రన్నర్ అను రూపములలో ఎన్ అను అక్షరము రెట్టింపగును. హ్రస్వమైన అచ్చు తరువాత ఒక్క హల్లే యున్న చిన్నక్రియలకు ఇది సాధారణ నియమము. ఈ రూపములు క్రమము లేనివని విసుగుకొనువారు మన వచ్చు అను క్రియను తలంచుకొనవలయును. వచ్చెను, వచ్చుచున్నాడు అని చెప్పి, పిలుచునప్పుడు మాత్రము రమ్ము అందుము. ఆంగ్లమున గో అను క్రియకు భూతకాలమున వెంట్ అను రూపము వెండ్ అను వేఱొక క్రియనుండి వచ్చి చేరినది. వాడుకలో మిక్కిలి యరిగిన నాణెములవలె, మిక్కిలి వాడుకగల క్రియలే యెక్కువగా రూపు మాఱి యుండును.

నేర్చుకొను పద్ధతి

ఈ యర్థములను పట్టికగా కంఠస్థము చేయుట వలన ప్రయోజనము తక్కువ. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పుట్టిన రీతియే మనకు మంచి పద్ధతిని చూపుచున్నది. ఇంగ్లండులో మిల్ హిల్ అను చోట ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన జేమ్స్ మర్రే 1879లో ఆ నిఘంటువునకు సంపాదకత్వము వహించెను. ఇనుపరేకులతో నొక గది కట్టించి, అందు చీటీలను పెట్టించెను. పుస్తకములు చదువు జనులు తమకు కనబడిన ప్రయోగములను వాక్యముతో సహా ఒక్కొక్క చీటిపై వ్రాసి అతనికి పంపుచుండిరి. అట్టి చీటీలు లక్షలకొలది వచ్చి చేరగా, వానిని దగ్గఱి యర్థములనుబట్టి దొంతరలు చేసి, ఒక్కొక్క దొంతరకు ఒక్కొక్క యర్థమును నిర్ణయించిరి. మర్రే 1915లో చనిపోయెను. పూర్తియైన నిఘంటువును చూడలేదు. అతడు వేసిన దారిని ఇతరులు పని ముగించిరి. ముందు వాక్యము, పిదప అర్థము: ఇదియే వారి క్రమము.

విద్యార్థులును అట్లే చేయవచ్చును. పాతకాగితములను చిన్నచీటీలుగా కత్తిరించుకొని, వాచకములోనో, వార్తాపత్రికలోనో, బస్సుమీదనో, మందుడబ్బామీదనో ఈ పదము కనబడినప్పుడెల్ల పూర్తి వాక్యమును వ్రాసికొనుడు. దానిక్రింద కర్త యేది, కర్మ గలదా, వెనుక నున్న చిన్నమాట యేది యను మూడు సంగతులను గుర్తించుడు. నాలుగవ పంక్తిలో తెలుగు వ్రాయుడు. వారమునకు ఐదు చీటీలైనను సంవత్సరాంతమునకు 250కి మించును.

నడచు అను మన మాటనుండియే నడత, నడవడి పుట్టినవి. కన్నడమున నడతె, ఉర్దూలో చాల్ చలన్. ఇవియు నడకనుండి వచ్చినవే. బడి విడుచునప్పుడు విద్యార్థికి ఇచ్చు పత్రములో నడవడికి ఆంగ్లమున కండక్ట్ అని వ్రాయుదురు. ఆ పదమునకు నడపుట యనియు అర్థము గలదు. బడిని నడపుటకును, బాలుని నడవడికిని ఆంగ్లేయుడును ఇచ్చట ఒక్కమాటనే వాడుచున్నాడు.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను తెనిగింపుడు. ఒకటి: ది మంజీరా రన్స్ త్రూ త్రీ స్టేట్స్. రెండు: మై ఆంట్ రన్స్ ఎ ఫ్లోర్ మిల్. మూడు: వి హావ్ రన్ ఔట్ ఆఫ్ సాల్ట్. నాలుగు: ది చైల్డ్స్ నోస్ ఈజ్ రన్నింగ్. ఐదు: ది కేస్ ర్యాన్ ఫర్ టెన్ యియర్స్. ఆఱు: ఐ ర్యాన్ ఇంటూ మై ఓల్డ్ టీచర్ ఎట్ ది బస్ స్టాండ్. ఏడు: మ్యూజిక్ రన్స్ ఇన్ దట్ ఫ్యామిలీ.

ఒక్క వాక్యమునందును పరుగెత్తు అను మాట రాకూడదు. తోచనిచో నిఘంటువునకు ముందు ఇంటిలో అడుగుడు: అమ్మా, పసివాని ముక్కు ఏమి చేయుచున్నది? ఉప్పు లేనప్పుడు నీవేమందువు? పిండి గిర్నిని అత్త యేమి చేయును? తల్లి యొక్క యక్షరమైనను ఎఱుగనిదై యుండవచ్చును; ఆమె చెప్పు మాట తెలుగైనను, కన్నడమైనను, మరాఠీయైనను, లంబాడీయైనను కావచ్చును. ఆమె నోట వచ్చిన క్రియయే మీ వాక్యమునకు సరియైన క్రియకు దారి చూపును.